పాత ప్రకటనలోని బ్యాగ్‌పైపర్: యూనిఫాం ఆధారంగా గుర్తింపు

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వ్యాపార ప్రకటనను చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించాలో వివరించగలుగుతారు.
• చిత్రంలోని సైనికుని దుస్తులను బట్టి అతని విధిని, రెజిమెంటును, కాలాన్ని అంచనా వేయగలుగుతారు.
• చిత్రం చూపే విషయానికీ జరిగిన విషయానికీ మధ్య ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• చిత్రంలో చోటు దొరకని వారి గురించి ఎందుకు అడగాలో చెప్పగలుగుతారు.

1.1 పరిచయం

చరిత్రకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, దస్తావేజులు, యాత్రికుల రచనలు గుర్తుకు వస్తాయి. వీటి పక్కన వ్యాపార ప్రకటన చాలా తేలికైన వస్తువుగా కనిపిస్తుంది. విస్కీ, సిగరెట్టు, బిస్కట్లు అమ్ముకోవడానికి వేసిన బొమ్మలో చరిత్ర ఏముంటుందని అనిపించడం సహజం. అయితే ఒక తేడాను గమనించండి. శాసనం వేయించిన రాజు తన గురించి రాబోయే తరాలు ఏమనుకోవాలో ఆలోచించి వేయించాడు. ప్రకటన వేయించిన వ్యాపారి ఆనాటి కొనుగోలుదారుకు ఏది నచ్చుతుందో మాత్రమే ఆలోచించాడు. అందువల్ల ఒక కాలంలోని ప్రజలు దేన్ని మెచ్చుకున్నారో, దేన్ని చూడటానికి ఇష్టపడలేదో ప్రకటనలో అప్రయత్నంగా నమోదవుతుంది.

ఈ పాఠంలో మనం ఒకే రకం ప్రకటనను తీసుకొందాం. అది స్కాట్లాండ్ సైన్యపు బ్యాగ్‌పైపర్ బొమ్మ ఉన్న ప్రకటన. బ్యాగ్‌పైప్ అంటే తోలు సంచిలో గాలి నింపి, చంకతో నొక్కుతూ వాయించే వాద్యం. మన భాగవత మేళాల్లో శ్రుతి కోసం వాడిన తిత్తి కూడా ఈ కుటుంబానికి చెందినదే. తిత్తి శ్రుతిని మాత్రమే ఇస్తుంది. స్కాట్లాండ్ వాద్యంలో శ్రుతినిచ్చే మూడు గొట్టాలతోపాటు స్వరాలు పలికించే మరొక గొట్టం కూడా ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఈ వాద్యకారుడు స్కాట్లాండ్‌కు, శౌర్యానికి, విస్కీకి గుర్తుగా మారిపోయాడు. మన దేశంలో 1976లో అమ్మకానికి వచ్చిన ఒక విస్కీకి ఏకంగా ‘బ్యాగ్‌పైపర్’ అనే పేరే పెట్టారు.

అభ్యాసం కోసం ఒక ప్రకటనను ఊహించుకోండి. పాత ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించిన రంగుల కాగితం. దాని మీద తేదీ లేదు, చిత్రకారుని పేరు లేదు. బండరాయికి ఆనుకొని నేల మీద కూర్చున్న సైనికుడు బ్యాగ్‌పైప్ వాయిస్తున్నాడు. ఒంటి మీద ఖాకీ కోటు, నడుముకు గళ్ల కిల్ట్, తలపై ఎండ టోపీ. వెనుక కొండవాలు ఎక్కుతున్న సైనికులు. కింద ఒక విస్కీ పేరు, రాజవంశానికి సరఫరాదారులమని చెప్పే ఒక వాక్యం. ఇతడెవరు? ఈ దుస్తులు ఎవరివి? ఈ ప్రకటన ఎప్పటిది? ఈ ప్రశ్నలకు ఒక్కొక్క మెట్టుగా సమాధానం వెతుకుదాం.

1.2 మొదటి మెట్టు: బొమ్మ తిరగబడిందా?

దుస్తుల వివరాల్లోకి వెళ్లే ముందు బొమ్మ కుడిఎడమలు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. అచ్చు వేసేటప్పుడు ఫొటోలు, రాతిపై గీసిన చిత్రాలు తిరగబడిన సందర్భాలు ఉన్నాయి. దీన్ని కనిపెట్టడానికి పైపర్ బొమ్మలో మూడు గుర్తులు ఉపయోగపడతాయి. సాధారణంగా సంచి వాద్యకారుని ఎడమ చంక కింద ఉంటుంది, శ్రుతి గొట్టాలు ఎడమ భుజం మీద ఆనుతాయి. మగవారి కిల్ట్ పైమడత అంచు ధరించినవాని కుడివైపుకు వస్తుంది. పతకాలు ఎడమ రొమ్ము మీద ఉంటాయి. మూడూ తారుమారుగా కనిపిస్తే బొమ్మ తిరగబడిందని నిర్ణయించవచ్చు. ఒక్క వాద్యం మాత్రమే కుడి భుజం మీద ఉంటే అతడు ఎడమచేతి వాటం పైపర్ కావచ్చు. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదనే సూత్రం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

రంగుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. రాతి అచ్చులో రంగులను ఎంచుకొనేది అచ్చుపని చేసేవాడు. ఎక్కువ రంగులు వాడితే ఖర్చు ఎక్కువ కాబట్టి ఆకుపచ్చ కోటు నీలం కావచ్చు, గళ్లలోని సన్నగీత మాయం కావచ్చు. నలుపు తెలుపు ఫొటో అయితే మరో చిక్కు ఉంది. ఆనాటి ఫొటో పలకలు ఎరుపు కాంతిని సరిగా గ్రహించేవి కావు. అందువల్ల ఎర్రకోటు కూడా నల్లగా పడేది.

1.3 రెండవ మెట్టు: పైపరా, మరొకరా?

కిల్ట్ కట్టిన ప్రతి సైనికుడినీ పైపర్ అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. హైలాండ్ రెజిమెంట్లలో సిపాయిలు, అధికారులు, డప్పు వాయించేవారు అందరూ కిల్ట్ ధరించారు. పైపర్ల కోసం ఒక్కో హైలాండ్ పటాలానికి ఒక పైప్ మేజర్‌ను, ఐదుగురు పైపర్లను యుద్ధశాఖ 1854లో అధికారికంగా మంజూరు చేసింది. అంతకుముందు పైపర్ల పోషణ చాలావరకు అధికారుల సొంత ఖర్చుతో సాగేది.

విక్టోరియా కాలం చివరి నాటికి కవాతు దుస్తుల్లో పైపర్‌ను మిగిలినవారి నుంచి వేరు చేసే గుర్తులు ఇవి:
• కోటు: సిపాయికి ఎరుపు, పైపర్‌కు ముదురు ఆకుపచ్చ.
• టోపీ: సిపాయికి నిప్పుకోడి ఈకల పెద్ద టోపీ. పైపర్‌కు సాధారణంగా గ్లెన్‌గరీ అనే, పడవ ఆకారంలో మడిచే బట్టటోపీ. బ్లాక్ వాచ్ రెజిమెంటు పైపర్లు మాత్రం ఈకల టోపీయే పెట్టుకొనేవారు.
• భుజం మీదుగా వేసుకొనే పెద్ద గళ్ల ఉత్తరీయం.
• నడుము దగ్గర డర్క్ అనే బాకు.

ఇప్పుడు మీకొక సంగతి అర్థమవుతుంది. ఎర్రకోటు, ఈకల టోపీ, చేతిలో బ్యాగ్‌పైప్ ఉన్న బొమ్మ ప్రకటనల్లో కనిపిస్తే దాన్ని ఏ రెజిమెంటు పైపర్‌కూ సులభంగా అంటగట్టలేం. సిపాయి దుస్తులకు పైపర్ వాద్యాన్ని చిత్రకారుడు జతచేసి ఉండే అవకాశమే ఎక్కువ. అటువంటి బొమ్మ వెనుక నిజమైన మనిషి ఉండకపోవచ్చు. ‘ఇతడెవరు’ అన్న ప్రశ్నకు ‘ఎవరూ కాదు’ అన్నది కూడా సరైన సమాధానమే.

మన ఉదాహరణలోని వ్యక్తి ఖాకీలో ఉన్నాడు కాబట్టి కోటు రంగు ఇక్కడ పనికిరాదు. చేతిలోని వాద్యమే అతని విధిని చెబుతోంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
సూచన: మీ సమాధానాన్ని నాలుగు వాక్యాలకు మించకుండా రాయండి.
ప్రశ్న: కవాతు దుస్తుల్లో ఉన్న పైపర్‌కూ సిపాయికీ తేడాలు ఏవి?

1.4 మూడవ మెట్టు: ఏ రెజిమెంటు?

1881లో బ్రిటిష్ ప్రభుత్వం పదాతి దళాన్ని పునర్వ్యవస్థీకరించింది. అంకెలతో పిలిచే పాత పటాలాలను జతచేసి, ప్రాంతాల పేర్లున్న రెజిమెంట్లుగా మార్చింది. ఆ తరువాత కిల్ట్ ధరించే పదాతి రెజిమెంట్లు ఐదు నిలిచాయి. వాటిని టార్టాన్ అనే గళ్ల ఉన్నిబట్ట ద్వారా, స్పోరన్ అనే ముందువైపు వేలాడే వెంట్రుకల సంచి ద్వారా గుర్తిస్తారు. సిపాయిల స్థాయిలో ఆ గుర్తులు ఇలా ఉంటాయి.

• బ్లాక్ వాచ్: ముదురు నీలం, ఆకుపచ్చ గళ్లు. తెల్ల స్పోరన్‌కు ఐదు నల్ల కుచ్చులు. ఈకల టోపీకి ఎర్ర తురాయి.
• సీఫోర్త్ హైలాండర్స్: అదే ముదురు గళ్లపై తెలుపు, ఎరుపు గీతలు. తెల్ల స్పోరన్‌కు రెండు నల్ల కుచ్చులు.
• గోర్డన్ హైలాండర్స్: అదే ముదురు గళ్లపై పసుపు గీత. తెల్ల స్పోరన్‌కు రెండు నల్ల కుచ్చులు.
• కేమరాన్ హైలాండర్స్: ఎరుపు, పసుపు గీతలు కలిసిన ఎర్రాక్ట్ కేమరాన్ గళ్లు. నల్ల స్పోరన్‌కు రెండు తెల్ల కుచ్చులు.
• ఆర్గైల్ అండ్ సదర్లాండ్ హైలాండర్స్: గీతలు లేని నీలం, ఆకుపచ్చ గళ్లు. నల్ల స్పోరన్‌కు ఆరు పొట్టి తెల్ల కుచ్చులు.

ఈ పట్టికను పైపర్లకు యథాతథంగా వర్తింపజేయకూడదు. ఉదాహరణకు బ్లాక్ వాచ్ పైపర్లు తమ రెజిమెంటు ముదురు గళ్లకు బదులు ఎర్రటి రాయల్ స్టూవర్ట్ గళ్లు ధరించారు. కాబట్టి ఎర్ర గళ్ల పైపర్‌ను చూసి ‘ఇతడు బ్లాక్ వాచ్ కాదు’ అని తేల్చేస్తే తప్పవుతుంది. గోర్డన్ పైపర్లు మాత్రం రెజిమెంటు టార్టాన్‌నే ధరించారు.

మన ఉదాహరణలో కిల్ట్ మీద పసుపు గీత స్పష్టంగా ఉందనుకొందాం. అప్పుడు గోర్డన్ హైలాండర్స్ అన్నది బలమైన ఊహ అవుతుంది. టోపీ మీదో, ప్రకటన అంచులోనో జింక తల గుర్తు ఉంటే కొంత బలం చేకూరుతుంది. సీఫోర్త్ రెజిమెంటుకు కూడా జింక తల ఉంది కాబట్టి చుట్టూ ఐవీ తీగ, గోర్డన్ల నినాదమైన ‘బైడాండ్’ అనే మాట ఉన్నాయో లేదో చూడాలి.

1.5 నాలుగవ మెట్టు: ఏ కాలం?

తేదీ లేని ఆధారానికి పూర్వావధి, ఉత్తరావధి నిర్ణయించడం మీరు సాహిత్య చరిత్రలో చూసే ఉంటారు. ఒక కవి ఎవరిని స్తుతించాడో, ఎవరు ఆ కవిని స్తుతించారో చూసి అతని కాలాన్ని రెండు హద్దుల మధ్య ఇరికిస్తారు. ప్రకటనకూ అదే పద్ధతి.

దుస్తులు కొన్ని హద్దులు ఇస్తాయి. పొడవాటి తోకల పాత కోటు 1855 ప్రాంతంలో పోయి డబ్లెట్ అనే పొట్టి కోటు వచ్చింది. బ్రిటిష్ సైన్యం ఎర్రకోట్లతో చేసిన చివరి పెద్ద పోరాటం 1885 డిసెంబరు 30న సూడాన్ సరిహద్దులోని గిన్నిస్ వద్ద జరిగింది. ఖాకీ అంతకుముందే భారతదేశంలో వాడుకలోకి వచ్చింది. మొత్తం సైన్యానికి సేవాదుస్తులుగా ఖాకీ 1902లో నిర్ణయమైంది. కనుక మన పైపర్ ఖాకీ కోటు, ఎండ టోపీ, వెనుక ఉన్న ఎండు కొండలు కలిసి వాయవ్య సరిహద్దు యుద్ధాలవైపు చూపిస్తున్నాయి.

ప్రకటనలోని మాటలు మరికొన్ని హద్దులు ఇస్తాయి. రాణికి సరఫరాదారులమని రాసి ఉంటే అది విక్టోరియా మరణించిన 1901 జనవరికి ముందుది కావచ్చు, లేదా రెండవ ఎలిజబెత్ రాణి అయిన 1952 తరువాతది కావచ్చు. పాత ప్రకటనలో రాజుకు సరఫరాదారులమని ఉంటే అది ఆ రెండు సంవత్సరాల మధ్యది కావచ్చు. ధర షిల్లింగులు, పెన్నీలలో ఉంటే 1971 ఫిబ్రవరిలో దశాంశ నాణేలు రావడానికి ముందుది. బొమ్మ పాతదై ప్రకటన కొత్తది కావచ్చునని మరచిపోకండి. కంపెనీలు ఒకే బొమ్మను దశాబ్దాల తరబడి వాడుకొంటాయి.

1.6 ఐదవ మెట్టు: ఏ వ్యక్తి?

గోర్డన్ హైలాండర్, ఖాకీ, కొండలు, నేల మీద కూర్చొని వాయించడం. ఈ నాలుగు గుర్తులు ఒకేచోట కలిస్తే చరిత్రలో ఒక పేరు ముందుకు వస్తుంది. అది పైపర్ జార్జ్ ఫిండ్లేటర్.

1872లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌షైర్‌లో పుట్టిన ఫిండ్లేటర్ 1888లో సైన్యంలో చేరాడు. 1897లో బ్రిటిష్ ప్రభుత్వం తిరాహ్ ప్రాంతంలోని అఫ్రిదీ, ఒరక్జాయ్ తెగల మీదికి సైన్యాన్ని నడిపించింది. ఆ ప్రాంతం నేడు పాకిస్తాన్‌లోని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో ఉంది. దర్గాయ్ శిఖరాలను సైన్యం అక్టోబరు 18న పట్టుకొని వదిలేసింది. తెగల వారు తిరిగి ఆక్రమించడంతో 20న మళ్లీ దాడి చేయవలసి వచ్చింది. మొదట గూర్ఖాలు, తరువాత డార్సెట్, డర్బీషైర్ రెజిమెంట్లు కాల్పులకు ఎదురొడ్డి ముందుకు సాగలేకపోయాయి. మధ్యాహ్నం తరువాత గోర్డన్ హైలాండర్స్, వారితోపాటు 3వ సిక్కు పటాలం దూసుకువెళ్లి శిఖరాన్ని పట్టుకొన్నాయి. ఆ దాడిలో ఫిండ్లేటర్ పాదాలకు తూటాలు తగిలాయి. నిలబడలేక కూర్చొనే అతడు వాయించడం కొనసాగించాడు. అందుకు విక్టోరియా క్రాస్ పతకం లభించింది. 1898 మే నెలలో నెట్లీ సైనిక ఆసుపత్రిలో విక్టోరియా రాణి స్వయంగా దానిని అందజేసింది.

ఇక్కడ మరొక పైపర్‌తో పోల్చి చూడాలి. 1915 సెప్టెంబరు 25న ఫ్రాన్సులోని లూస్ వద్ద డేనియల్ లెయిడ్లా అనే పైపర్‌కు కూడా విక్టోరియా క్రాస్ సంపాదించిపెట్టిన సంఘటన జరిగింది. అతడు కింగ్స్ ఓన్ స్కాటిష్ బోర్డరర్స్ రెజిమెంటుకు చెందినవాడు. విషవాయువు కమ్ముకొన్న కందకం గట్టు మీదికెక్కి వాయించాడు. కాబట్టి కందకం గట్టు, నిలబడిన పైపర్, పొగ ఉంటే లెయిడ్లాను పరిశీలించండి. కొండలు, ఎండ టోపీ, కూర్చున్న పైపర్ ఉంటే ఫిండ్లేటర్‌ను పరిశీలించండి. ముఖపోలికను చివరి ఆధారంగా మాత్రమే తీసుకోండి. ప్రకటన చిత్రకారునికి ముఖం కంటే భంగిమ ముఖ్యం.

ఫిండ్లేటర్ అని తేలితే మన ప్రకటనకు కచ్చితమైన పూర్వావధి దొరుకుతుంది. 1897 అక్టోబరు 20కి ముందు అది ఉండటానికి వీలు లేదు. అదే బొమ్మలో ఆకుపచ్చ కవాతు కోటు వేసి ఉంటే, అది యుద్ధరంగపు దృశ్యం కాదని, చిత్రకారుడు కవాతు దుస్తులను కొండమీదికి తీసుకువెళ్లాడని చెప్పవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
ప్రశ్న: ఫిండ్లేటర్, లెయిడ్లా చిత్రాలను వేరు చేయడానికి ఏ గుర్తులు తోడ్పడతాయి?

1.7 గుర్తించిన తరువాత అడగవలసిన ప్రశ్నలు

చాలామంది పరిశీలన పేరు దొరకగానే ఆగిపోతుంది. చరిత్ర విద్యార్థి పని అక్కడే మొదలవుతుంది.

మొదటి ప్రశ్న: అందరికీ తెలిసిన కథ నిజమేనా? ఫిండ్లేటర్ ‘కాక్ ఓ ది నార్త్’ అనే రెజిమెంటు కవాతు బాణీని వాయించాడని పత్రికలు రాశాయి. తాను వాయించింది ‘హాస్ ఆఫ్ క్రోమ్‌డేల్’ అని తరువాత ఫిండ్లేటరే చెప్పాడు. అయినా ప్రజల జ్ఞాపకంలో మొదటి బాణీయే నిలిచింది. ప్రచారానికి అనువైన వివరం నిజమైన వివరాన్ని పక్కకు నెట్టడానికి ఇది మంచి ఉదాహరణ.

రెండవ ప్రశ్న: బొమ్మ వల్ల లాభపడింది ఎవరు? పత్రికలు, చిత్రకారులు, అచ్చుపటాల వ్యాపారులు దర్గాయ్ పైపర్‌ను బాగా అమ్ముకొన్నారు. గాయాలతో సైన్యం విడిచిన ఫిండ్లేటర్ 1898లో లండన్‌లోని అల్హంబ్రా నాటకశాలలో జీతానికి బ్యాగ్‌పైప్ వాయించాడు. వెంటనే పెద్ద దుమారం లేచింది. విక్టోరియా క్రాస్ వీరుడు వినోదశాల రంగస్థలం ఎక్కడం అవమానమని యుద్ధశాఖ భావించింది. పార్లమెంటులో చర్చ జరిగింది. అప్పట్లో ఆ పతకంతో వచ్చే వార్షిక భత్యం 10 పౌండ్లు. అవసరంలో ఉన్నవారికి దాన్ని 50 పౌండ్ల వరకు పెంచే నిబంధన ఆ సంవత్సరమే వచ్చింది. అతని శౌర్యాన్ని ఇతరులు అమ్ముకొంటే దేశభక్తి అయింది, అతడే అమ్ముకొంటే తప్పయింది. 1914లో యుద్ధం రాగానే అతడు మళ్లీ సైన్యంలో చేరాడు. 1915లో లూస్ వద్ద గాయపడ్డాడు. 1942లో మరణించాడు.

మూడవ ప్రశ్న, అన్నిటికంటే ముఖ్యమైనది: బొమ్మలో లేనివారు ఎవరు? దర్గాయ్ వద్ద ఆ రోజు సైన్యం వైపు మరణించినవారు, గాయపడినవారు కలిపి సుమారు 200 మంది. వారిలో గూర్ఖాలు చాలామంది. శిఖరం ఎక్కినవారిలో సిక్కులు ఉన్నారు. వారిలో ఏ ఒక్కరికీ విక్టోరియా క్రాస్ రాలేదు. దానికి కారణం ధైర్యం చాలకపోవడం కాదు. భారతీయ సైనికులకు ఆ పతకం పొందే అర్హతే అప్పటికి లేదు. 1911 ఢిల్లీ దర్బారులో ఆ అర్హత ప్రకటించారు. పతకం లేనిచోట వార్త లేదు, వార్త లేనిచోట బొమ్మ లేదు, బొమ్మ లేనిచోట ప్రకటన లేదు. తమ కొండలను కాపాడుకోవడానికి పోరాడిన అఫ్రిదీలు, ఒరక్జాయ్‌లు అయితే వెనుక కనిపించే పొగగా మిగిలిపోయారు.

భారతీయ సైనికుడు ప్రకటనల్లో కనిపించినప్పుడు ఏ స్థానంలో కనిపించాడో తెలుసుకోవడానికి మరొక ప్రసిద్ధ చిత్రాన్ని చూద్దాం. గ్లాస్గోలో పేటర్సన్ కంపెనీ తయారుచేసిన కాంప్ కాఫీ అనే ద్రవపు సీసా లేబుల్ అది. గుడారం ముందు గోర్డన్ హైలాండర్ ఒకడు కూర్చొని కాఫీ తాగుతుంటాడు. పక్కనే ఒక సిక్కు పళ్లెం పట్టుకొని నిలబడి ఉంటాడు. దర్గాయ్ కొండమీద గోర్డన్లతో కలిసి దాడి చేసిన సిక్కు, సీసా మీద వారికి కాఫీ అందించే సేవకుడయ్యాడు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఆ చేతిలోని పళ్లెం తీసేశారు. మనిషి మాత్రం నిలబడే ఉన్నాడు. 2006లో వచ్చిన లేబుల్ మీద అతడు సైనికునిగా, తన కప్పుతో, హైలాండర్ పక్కన కూర్చున్నాడు. ఒక మనిషి నిలబడిన చోటునుంచి కూర్చోవడానికి ఒక శతాబ్దానికి పైగా పట్టింది. ఈ మార్పును తెలిపే రాజపత్రం ఏదీ లేదు. పాత, కొత్త లేబుళ్లను పక్కపక్కన పెట్టి చూసినవారికే ఇది తెలుస్తుంది.

ఈ లేబుల్‌పై ఉన్న హైలాండర్ మేజర్ జనరల్ హెక్టర్ మక్డోనాల్డ్ అనే ప్రచారం ఉంది. ఆయన గోర్డన్లలో సామాన్య సిపాయిగా చేరి పైకి వచ్చినవాడు. దీన్ని మీరే పరీక్షించవచ్చు. కాంప్ కాఫీ 1876లో మొదలైందని చెబుతారు. అప్పటికి మక్డోనాల్డ్ ఇంకా అధికారి కాడు, రెండవ ఆఫ్ఘన్ యుద్ధం తరువాత అధికారి అయ్యాడు. దేశమంతా తెలిసిన పేరుగా మారింది 1898లో ఓమ్‌దుర్మాన్ యుద్ధం తరువాత. కాబట్టి లేబుల్ బొమ్మ ఎప్పటిదో తేలేవరకు ఈ గుర్తింపును ప్రచారంగానే భావించాలి.

1.8 సారాంశం

పాత ప్రకటనలోని సైనికుని గుర్తించడానికి ముందుగా బొమ్మ తీరును, తరువాత అతని విధిని, రెజిమెంటును, కాలాన్ని, చివరగా వ్యక్తిని పరిశీలించాలి. ప్రతి మెట్టులోనూ ఒకదానినొకటి బలపరిచే రెండు మూడు గుర్తులు ఉండాలి. దుస్తుల్లో తప్పులు కనిపిస్తే వాటిని కూడా ఆధారంగా తీసుకోవాలి. అవి చిత్రకారుడు ఏం చూశాడో, ఏం ఊహించాడో తెలుపుతాయి. యూనిఫాంను గుర్తించడం వల్ల మనకు రెజిమెంటు తెలుస్తుంది. రెజిమెంటు ద్వారా యుద్ధం తెలుస్తుంది. యుద్ధం తెలిసినప్పుడే అక్కడ పోరాడి కూడా చిత్రంలోకి రానివారు ఎవరో తెలుస్తుంది.

1.9 ముఖ్య పదాలు

టార్టాన్: వంశాన్ని లేదా రెజిమెంటును సూచించే గళ్ల ఉన్నిబట్ట.
స్పోరన్: కిల్ట్ ముందు వేలాడే సంచి.
గ్లెన్‌గరీ: పొడవుగా మడిచే బట్టటోపీ.
పూర్వావధి: ఒక ఆధారం ఏ తేదీకి ముందు ఉండటానికి వీలులేదో ఆ తేదీ.
ఉత్తరావధి: ఒక ఆధారం ఏ తేదీ తరువాత ఉండటానికి వీలులేదో ఆ తేదీ.

1.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పాత ప్రకటనలోని బ్యాగ్‌పైపర్‌ను గుర్తించే పద్ధతిని దశలవారీగా వివరించండి.
2. దర్గాయ్ పైపర్ చిత్రం దేన్ని చూపింది, దేన్ని దాచింది? చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. రంగుల అచ్చు, పాత ఫొటోలు యూనిఫాం గుర్తింపులో కలిగించే ఇబ్బందులు ఏవి?
2. కాంప్ కాఫీ లేబుల్‌లో వచ్చిన మార్పులను వివరించండి.

III. అభ్యాసం
మీకు అందుబాటులో ఉన్న గ్రంథాలయంలో ఆంధ్రపత్రిక ఉగాది సంచికల వంటి పాత తెలుగు సంచికను తీసుకొని, యూనిఫాం ధరించిన మనిషి ఉన్న ఒక ప్రకటనను ఎంచుకోండి. అది సైనికుడు, పోలీసు, తపాలా బంట్రోతు, రైల్వే ఉద్యోగి ఎవరైనా కావచ్చు. పై ఐదు మెట్లను అనుసరించి రెండు పుటల నివేదిక రాయండి. చివరి పేరాలో ఆ బొమ్మలో ఉండవలసి ఉండి, లేనివారు ఎవరో చెప్పండి.